గ్రహాంతరవాసికి పుత్తూరు కట్టు

వెంకటేశ్వరస్వామికి ఇష్టమైన పెరటాసి నెలలో మూడో శనివారం నాడు పరంధామయ్య పెట్టుకున్న పనులు రెండే. పది గంటలకల్లా గ్రహాంతరవాసిని షూటింగు దగ్గర దించాలి. ఒంటిగంటకల్లా ఇల్లు చేరి స్వామికి తళిగ వేసి నైవేద్యం పెట్టాలి. నారాయణవనంలోని తన ఇంట్లో తెల్లవారకముందే లేచి, తలకు పోసుకుని, నుదుట నామం దిద్దుకుని, ఈ రెండు పనులనూ ఆయన స్వామికి విన్నవించుకున్నాడు. స్వామి అభ్యంతరం పెట్టినట్టు కనిపించలేదు.

పరంధామయ్య బొమ్మలు చేసే మనిషి. చుట్టుపక్కల ఊళ్ళలో భారతం ఉత్సవాలకు ముప్పై ఏళ్ళుగా కిరీటాలు, భుజకీర్తులు ఆయనే చేస్తున్నాడు. ఆఖరి రోజున భీముడు తొడ పగలగొట్టే పెద్ద మట్టి దుర్యోధనుడు కూడా ఆయన చేతి పనే. ఆ దుర్యోధనుణ్ణి చూసే పోయిన ఏడు మోహన్‌కృష్ణ ఆయనను వెతుక్కుంటూ వచ్చాడు. మోహన్‌కృష్ణ పుత్తూరు కుర్రవాడు. ఏర్పేడు దగ్గర పెద్ద కాలేజీలో చదివి, వచ్చిన ఉద్యోగం వదిలేసి, సినిమా తీస్తున్నాడు. వేరే గ్రహం నుంచి ఒక పసివాడు మన గుట్టల్లో వచ్చి పడితే ఏమవుతుందన్నది కథ.

"అంతా కంప్యూటర్లో చేస్తే నటులు గాలిని చూసి ఏడవాల మామా. నాకు చేతికి తగిలేది కావాల," అన్నాడు అతను.

చేతికి తగిలేది చేయడానికి పరంధామయ్యకు నాలుగు నెలలు పట్టింది. మూడడుగుల ఎత్తు. గుమ్మడికాయంత తల, పుల్లల్లాంటి కాళ్ళు, ఒక్కో చేతికి రెండేసి మోచేతులు. లోపల ఎముకలన్నీ వెదురు. వేళ్ళు కదలడానికి సైకిలు బ్రేకు తీగలు. ఛాతీలో ఫుట్‌బాల్ బ్లాడరు పెట్టి, దానికి సన్నని గొట్టం తగిలించి, రక్తపోటు చూసే పరికరంలోని రబ్బరు బుడ్డిని చివర బిగించాడు. బుడ్డి నొక్కితే ఊపిరి తీస్తాడు, వదిలితే విడుస్తాడు. పైన రబ్బరుతో పోతపోసిన చర్మం. ఆ చర్మం తడితడిగా మెరవడానికి ఆయన భార్య నాగరత్నమ్మ బెండకాయలు ఉడకబెట్టి జిగురు తీసి ఇచ్చేది. బెండకాయ పులుసు తిని తిని ఇంట్లో ఇద్దరికీ మొహం మొత్తింది.

ఇంత చేసినా బొమ్మ తలరాత ఆ రోజు తేలాల్సి ఉంది. నిర్మాత చంద్రకాంతమ్మకు చిత్తూరు దగ్గర మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఉంది. పోయిన వారం ఆమె చూడవచ్చినప్పుడు బొమ్మ వేళ్ళు బిగుసుకుపోయి కదల్లేదు. "శనివారం మళ్ళీ వస్తా. ఆ పొద్దు కూడా ఇట్లే మొరాయిస్తే దీన్ని మూలనబెట్టి కంప్యూటర్లో చేయించేస్తాం," అని చెప్పి వెళ్ళింది. ఆమె మేనల్లుడు ప్రతాప్ హీరో. అందరూ బొమ్మ చుట్టూనే తిరుగుతున్నారని అతనికి మొదటి నుంచీ కడుపుమంట. అత్త మాటకు అతను ఒక్కడే చప్పట్లు కొట్టాడు. పరంధామయ్యకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ముప్పై ఏళ్ళు మట్టిని మనిషిని చేసిన చేతులు ఇక అక్కర్లేదని ఒక యంత్రం చెబితే, ఆ చేతులతో తాను ఇకపైన ఏమి చేయాలన్నది ఆయన ప్రశ్న.

ఇవి కాక ఆయనకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. పెరటాసి శనివారాల్లో ఆయన అబద్ధం ఆడడు. అది తండ్రి నుంచి వచ్చిన నియమం. సినిమా విడుదలయ్యేదాకా బొమ్మ మొహం ఎవరికీ చూపించకూడదు, అది బొమ్మ అన్న మాట కూడా నోట రాకూడదు. అది మోహన్‌కృష్ణ కాగితం మీద రాయించుకున్న షరతు. అబద్ధం ఆడకూడదు, నిజం చెప్పకూడదు. రెండూ ఒకే రోజున తగిలితే మనిషి ఏమి చేయాలో పెద్దలెవరూ ఆయనకు చెప్పిపోలేదు.

ఎనిమిదింటికి ఆటో వచ్చింది. నాగరత్నమ్మ బొమ్మకు మంకీ క్యాప్ తొడిగి, పాత దుప్పటి చుట్టి, బిడ్డను ఇచ్చినట్టు మొగుడి ఒడిలో పెట్టింది.

"ఏమయ్యా, మీవోడు ఈ పొద్దన్నా సరింగా చేస్తాడా?"

"చేస్తాడు. చెయ్యి బిగుసుకోకుండా కాస్త చాపి పెట్టినాను సూడు," అన్నాడు పరంధామయ్య.

ఆ చాపిన చెయ్యి ఆటో బయటికి వచ్చి ఉందని ఇద్దరూ గమనించలేదు. ఆటో కదిలింది. గేటు స్తంభం కదల్లేదు. టప్పుమని శబ్దం వచ్చింది. వెదురు చీలిన శబ్దం ఏదో పరంధామయ్యకు ఒకరు చెప్పనక్కర్లేదు. చర్మం మీద గీత కూడా పడలేదు గానీ, చెయ్యి మాత్రం పొట్లకాయలా వేలాడుతోంది.

లోపలి వెదురు మార్చాలంటే చర్మం కోయాలి. కోసింది అతికి, అతుకు కనబడకుండా రబ్బరు పూసి, అది ఆరడానికి రెండు రోజులు. షూటింగుకు రెండు గంటలే ఉంది. పైన చర్మం కోయకుండా లోపలి ఎముకను సరిచేసేవాళ్ళు ఎవరని ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. దారిలోనే ఉన్న ఊరికి దేశమంతా దానికోసమే వస్తుందని వెంటనే గుర్తొచ్చింది.

"పుత్తూరులో కట్టు కట్టే గురప్ప ఇంటికాడ ఆపప్పా," అన్నాడు డ్రైవరుతో.

గురప్ప ఇంటి ముందు పందిట్లో అప్పటికే ఇరవై మంది కూర్చుని ఉన్నారు. పరంధామయ్య దుప్పటి మూటను గుండెకు హత్తుకుని బల్ల చివర ఒదిగాడు. పక్కన గ్రేసీ అనే ఆవిడ కూర్చుంది. దగ్గరి పల్లెలో అంగన్‌వాడీ టీచరు. మణికట్టుకు ఉన్న చివరి కట్టును ఆ రోజే విప్పించుకుంది. పని అయిపోయినా, పక్కవాళ్ళ దెబ్బల సంగతి పూర్తిగా తెలుసుకోకుండా లేచిపోయే మనిషి కాదు.

"ఏమైందప్పా బిడ్డకు?" అంది.

"చెయ్యి విరిగిందమ్మా."

"ఎట్ల?"

"ఆటో బయటికి చాపి పెట్టినాను. గేటుకు తగిలింది."

"నువ్వే పెట్టినావా?"

"నేనేనమ్మా. తప్పు నాదే."

ఆవిడ దుప్పటి కేసి చూసింది. "చెయ్యి విరిగితే పెద్దోళ్ళే ఊరు లేపుతారు. వీడు కిక్కురుమనలేదే?"

"వాడు ఏడవడమ్మా."

"వాళ్ళమ్మ రాలేదా?"

"వాడికి అమ్మ లేదు."

కాలికి కట్టుతో ఉన్న ఒక ముసలామె అయ్యో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పొద్దున ఏమన్నా పెట్టినావా వాడికి?" గ్రేసీ గొంతు కాస్త మారింది.

"లేదమ్మా."

"రాత్రి?"

పరంధామయ్య నుదుటి నామాన్ని తలుచుకున్నాడు. "వాడు ఎప్పుడూ ఏమీ తినలేదమ్మా."

"పండుకునేది యాడ?"

"పెట్టెలో."

"పెట్టెలోనా?"

"ఎలుకలు కొరుకుతాయని మూత కూడా వేస్తా," అన్నాడు. ఆ శ్రద్ధ చూసైనా ఆవిడ తనను మంచివాడనుకుంటుందని ఆయన ఆశ. కంగారులో ఆయన చేతిలోని రబ్బరు బుడ్డి గట్టిగా నొక్కుకుపోయింది. దుప్పటి మూట ఒక్కసారి నిండుగా ఊపిరి తీసి, దీర్ఘంగా విడిచింది.

పందిరి కింద ఇరవై మందీ ఒకే మాట మీదికి వచ్చి ఆయనను ముందు పొమ్మన్నారు.

గురప్ప ఎనభై ఏళ్ళ మనిషి. ఏమైందని ఎవరినీ అడగడు. విరిగిన సంగతి ఎముక చెప్పాలి గానీ మనిషి చెప్పకూడదని ఆయన పద్ధతి. కళ్ళు మూసుకుని, దుప్పటిలోకి చెయ్యి పోనిచ్చి, మణికట్టు నుంచి పైకి తడుముతూ వచ్చాడు. ఒక మోచెయ్యి దాటాడు. రెండో మోచెయ్యి దగ్గర ఆగాడు. కళ్ళు తెరిచి పరంధామయ్య నామం కేసి చూసి, మళ్ళీ మూసుకున్నాడు. గుమ్మంలో తలలు నిక్కుతున్నాయి. ఆయన మెల్లగా వంగి పరంధామయ్య చెవిలో అన్నాడు:

"వెదురు పచ్చిగా ఉన్నప్పుడే కోసినావు గదా."

పరంధామయ్యకు ప్రాణం లేచి వచ్చింది. ఈ మాట తాను చెప్పలేదు. షరతు చెక్కుచెదరలేదు. "అవును సామీ. వానలు పడినాయి, ఎండనియ్యలేదు."

"ఆరేటప్పుడు లోపల్లోపల నెర్రె ఇచ్చింది. అందుకే ఈ మాత్రానికే చీలింది."

"నెర్రె కలిపి నొక్కితే చాలు సామీ. కట్టు వద్దు. పదింటికి పని ఉండాది."

"కట్టు లేకుండా నా గడప దాటినోడు లేడు."

"కాదు సామీ, వీడు..."

"వీడు ఎవుడైతే నాకేమి? విరిగిందా లేదా?"

గురప్ప చేతిని ఒక లాగు లాగాడు. టక్కుమంది. ఆకుపసరు పూశాడు, కోడిగుడ్డు సొన పట్టించాడు, నాలుగు వెదురు బద్దలు ఆనించి తెల్లగుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టి చుట్టి ఆపేసరికి మణికట్టు నుంచి చంక దాకా బూడిదగుమ్మడికాయంత కట్టు తయారైంది.

"ఎనిమిది దినాలు విప్పకూడదు. ముందే విప్పితే నా చేతికి చెడ్డపేరు. సామి పటం ముందర చెప్పు."

గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం ఉంది. పెరటాసి శనివారం. పరంధామయ్య చెప్పాడు.

"పథ్యం ఏమన్నా ఉండాదా సామీ?" అని అలవాటు కొద్దీ అడిగాడు.

"వాడికేమీ లేదు. నువ్వు మాత్రం ఆ బెండకాయ జిగురు తగ్గించు. చేతులు వదలడంలే," అన్నాడు గురప్ప.

బయటికి వచ్చేసరికి ఆటోకు అడ్డంగా గ్రేసీ నిలబడి ఉంది. ఆవిడ వెనుక పందిట్లోని ఆడవాళ్ళు, నడవగలిగినవాళ్ళందరూ ఉన్నారు.

"బిడ్డ మొహం ఒకసారి చూపించప్పా."

"చూపించకూడదమ్మా. కాగితం మీద రాసిచ్చినా."

"ఎవరికి?"

"సినిమావాళ్ళకు."

"బిడ్డను సినిమావాళ్ళకు రాసిచ్చినావా?"

రాసిచ్చింది బిడ్డను కాదని చెప్పాలంటే, మరి ఒడిలో ఉన్నదేమిటన్న ప్రశ్న వస్తుంది. పరంధామయ్య చేతి గడియారం చూసుకున్నాడు. తొమ్మిదిన్నర దాటింది. అక్కడ చంద్రకాంతమ్మ కుర్చీ వేసుకుని కూర్చునే ఉంటుంది.

"అడ్డం లేవండమ్మా. లేటైపోతా ఉండాది."

"అంత తొందరేమి? విరిగిన చెయ్యితో ఈ పొద్దే ఏమి చేయిస్తారు వీడితో?"

ఆయనకు కోపం రాదు. వచ్చినప్పుడు మాత్రం నిజం తన్నుకుని వస్తుంది. "వీడేమీ చేయనక్కర్లేదమ్మా. పదింటికి వీడి మీదికి తుపాకీ ఎత్తాల. యూనిట్టంతా కాసుకోని ఉండాది," అని ఆటో ఎక్కాడు.

ఆడవాళ్ళు తేరుకునే లోపల ఆటో మలుపు తిరిగింది. దారి పొడవునా పరంధామయ్య మనసు ఆయనను కుదురుగా ఉండనీయలేదు. పొద్దుటి నుంచి తాను ఆడింది ఒక్క అబద్ధం లేదు. అయినా విన్నవాళ్ళ తలలోకి చేరింది ఒక్క నిజం లేదు. నియమం నాలుకకేనా, ఎదుటివాళ్ళ చెవులకు కూడా వర్తిస్తుందా? స్వామినే అడిగాడు. గుంతల రోడ్డు మీద ఆటో చేసే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. వెనుక మరో మూడు ఆటోల చప్పుడు కూడా అందులో కలిసి ఉందని ఆయనకు తెలియలేదు.

షూటింగు జరిగే గుట్ట పుత్తూరుకు ఎనిమిది కిలోమీటర్లు. గడ్డిపోచ లేని ఎర్రటి రాళ్ళ గుట్ట. గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో చంద్రకాంతమ్మ, పక్కన సైనికుడి దుస్తుల్లో ప్రతాప్. దుప్పటి తీయగానే మోహన్‌కృష్ణ ఉన్నచోటే బండ మీద కూర్చుండిపోయాడు.

"ఏంది మామా ఇది?"

"పుత్తూరు కట్టు."

"అది నాకూ తెలుసు. వీడికెందుకు కట్టినారు?"

"చెయ్యి విరిగింది."

"విప్పేయ్ మామా."

"ఎనిమిది దినాలు విప్పనని సామి పటం ముందర చెప్పినా. కట్టింది గురప్ప."

మోహన్‌కృష్ణకు ఏడేళ్ళప్పుడు కాలు విరిగితే కట్టింది కూడా గురప్పే. ఎనిమిదో రోజుకు ముందు ఆ కట్టును గోకడానికి కూడా వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. అతను రెండోసారి విప్పమనలేకపోయాడు.

ప్రతాప్‌కు పండగ వచ్చినట్టయింది. "వేరే గ్రహం నుంచి వచ్చినోడికి పుత్తూరు కట్టేంది? జనం నవ్వుతారత్తా. నేను ముందే చెప్పినా, కంప్యూటర్లో చేసేద్దామని."

"ఒక్క షాటు చూస్తా. కదిలితే సరి, లేకుంటే మూట కట్టేయండి," అంది చంద్రకాంతమ్మ.

కట్టు కనబడకుండా ఆ చేతిని రాతి వెనక్కి తిప్పి బొమ్మను కూర్చోబెట్టారు. ఆ రాతి వెనుకే పరంధామయ్య బోర్లా పడుకుని, ఒక చేతిలో బుడ్డి, మరో చేతిలో బ్రేకు తీగలు పట్టుకున్నాడు. సైనికుడు తుపాకీ ఎత్తాలి, ఆ పసివాడి కళ్ళు చూసి కరిగిపోవాలి. అదీ దృశ్యం. కరిగే దగ్గరికి వచ్చేసరికి ప్రతాప్ మొహం మూడు రోజులుగా బస్సు కోసం ఎదురుచూసేవాడి మొహంలాగే ఉంటోంది. కెమెరా తిరగడం మొదలైంది. ప్రతాప్ తుపాకీ ఎత్తాడు.

"పసిబిడ్డ మీదికి తుపాకీ ఎత్తుతావా," అన్న కేక వినిపించింది. ఆ వెనుకే గ్రేసీ వచ్చి, ఆ ఉదయమే కట్టు విప్పిన చేత్తో హీరోను ఒక్క తోపు తోసింది. ప్రతాప్ రాళ్ళ మీద పడ్డాడు. పడేటప్పుడు చెయ్యి కిందికి వచ్చింది. ఆపమని చెప్పాల్సిన మోహన్‌కృష్ణ ఆ మాటే మరిచిపోయాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

గ్రేసీ రాతి ముందు మోకాళ్ళ మీద కూలబడి వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. పెద్ద తల, సన్నని మెడ, లెక్కపెట్టగలిగే ప్రక్కటెముకలు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ తూకం వేసిన పిల్లల్లో ఇలాంటివాళ్ళు లేకపోలేదు. రంగు కాస్త తేడాగా ఉందన్నది ఆవిడకు ఆ క్షణంలో పట్టలేదు.

"నువ్వు తిని ఎన్ని దినాలైంది నాయనా?" అంది.

రాతి వెనుక పరంధామయ్య ఒక చెయ్యి బుడ్డిని నొక్కింది, మరో చెయ్యి తీగలను లాగింది. ఒళ్ళో ఉన్నవాడు ఊపిరి ఎగపీల్చాడు. పోయిన వారం మొరాయించిన వేళ్ళు ఒక్కొక్కటిగా ముడుచుకుని, ఆవిడ కొంగు అంచును పట్టుకున్నాయి. ఆవిడ ఆ తెల్లకట్టును కొంగుతో కప్పి భోరున ఏడ్చింది. వెనుక వచ్చిన ఆడవాళ్ళు ఏడ్చారు. లైట్లు పట్టుకున్నవాళ్ళు ముక్కులు తుడుచుకున్నారు. వడగళ్ళకు యాభై ఎకరాల మామిడి రాలినప్పుడు కూడా కంటతడి పెట్టని చంద్రకాంతమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

గ్రేసీ వాడి చెంప తుడిచింది. చేతికి జిగురు అంటింది. వాసన చూసుకుంది. అనుమానంగా చెవి పట్టుకుంది. చెవి చేతిలోకి వచ్చింది.

"ఏందిది?"

"బొమ్మక్కా," అన్నాడు మోహన్‌కృష్ణ.

రాతి వెనుక నుంచి పరంధామయ్య దుమ్ము దులుపుకుంటూ లేచాడు. గ్రేసీ చెవిని ఆయన చేతిలో పెట్టింది.

"బొమ్మని ఒక మాట చెప్పుంటే నీ సొమ్మేమన్నా పోతుందా అప్పా?"

"చెప్పనని రాసిచ్చినానమ్మా."

"అట్లయితే ఏదో ఒక అబద్ధమన్నా చెప్పుండొచ్చు గదా."

"శనివారమమ్మా," అన్నాడు ఆయన.

అప్పుడు గానీ ప్రతాప్ మూలుగు ఎవరికీ వినిపించలేదు. వచ్చిన ఆటోల్లోనే ఒకదానిలో అతన్ని పుత్తూరుకు తీసుకుపోయారు. తోడుగా గ్రేసీయే వెళ్ళింది, దారి తెలిసిన మనిషి కాబట్టి. గురప్ప కళ్ళు మూసుకుని తడిమి, కట్టు కట్టి, ఆరు వారాలు చెయ్యి ఎత్తకూడదన్నాడని గంటన్నరలో ఫోను వచ్చింది.

ఫోను పెట్టేసి మోహన్‌కృష్ణ తల పట్టుకున్నాడు. "ఆరు వారాలంటే ఎట్ల మేడం? నెల తిరిగితే వానలు పడతాయి. గుట్టంతా గడ్డి మొలుస్తుంది. గడ్డి మొలిస్తే ఇది వేరే గ్రహం కాదు, మన మేకలు మేసే గుట్టే. ఇంకా పద్దెనిమిది సీన్లు ఉండాయి."

చంద్రకాంతమ్మ కెమెరా పక్కనున్న చిన్న తెర మీద ఇందాకటి దృశ్యాన్ని మూడోసారి వేయించుకుని చూస్తోంది. పరంధామయ్య కాస్త ఎడంగా, చెవి లేని బొమ్మను ఎత్తుకుని నిలబడ్డాడు. తళిగ వేళ దాటిపోయింది. నోటిలో చుక్క నీళ్ళు పడలేదు. అయినా కాళ్ళు ఇంటివైపు కదలడం లేదు. ఆమె నోట వచ్చే మాట వినకుండా ఆయన ఎక్కడికీ పోలేడు.

ఆమె చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"వీడు ఉండాల. కట్టుతోనే ఉండాల. చెవి అంటించు పరంధామయ్యా, రెండో చేతిలో వెదురు కూడా పచ్చిదేమో చూసుకో," అంది. "ఆ టీచరమ్మను కూడా అడుగు మోహనా, వస్తుందేమో."

"మరి ప్రతాప్ సంగతేంది మేడం?"

ఆమె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"వాణ్ణి కంప్యూటర్లో చేయించండి."

ఆ సంగతి ప్రతాప్‌కు కట్టు విప్పిన తర్వాతే చెబుదామని అక్కడున్నవాళ్ళంతా ఒప్పుకున్నారు.